మా దిబ్బ మీది ఆకాశం

ఉప్పునీటికీ మంచినీటికీ నడుమ కావలి నిలిచిన గంగమ్మతల్లికి, మోపిదేవి పుట్టలో కొలువైన షణ్ముఖునికి, మత్స్యకారుల బిడ్డనైన నా నోట తొలి అక్షరం పలికించిన వాగ్దేవికి సాష్టాంగపడి, ఆ ముగ్గురి ఎదుట అబద్ధమాడనని మాట ఇచ్చి ఈ రాత మొదలుపెడుతున్నాను. శ్రీ క్రోధినామ సంవత్సరం, దక్షిణాయనం, హేమంత ఋతువు, మార్గశిర శుద్ధ షష్ఠి, శనివారం.

ఈ ఉదయం దివిసీమ బస్సులన్నీ మోపిదేవి యాత్రికులతో కిక్కిరిసి వెళ్తున్నవి. ఏటా నేనూ వెళ్లేవాణ్ణి. ఈ ఏడు గుడివాడలో మా ఇంటి వసారాలోనే కూర్చున్నాను. మా అక్క చేపలు ఎండబెట్టే దిబ్బ ఉంటుందో పోతుందో ఇంకా తేలలేదు. తేలేలోగా జరిగినది జరిగినట్టు రాసిపెట్టాలని నా పట్టుదల. నిర్ణయం వచ్చిన తరువాత రాసే మాటకు గెలుపు గర్వమో ఓటమి దుఃఖమో అంటుకోక మానదు. ఇప్పుడు రాసే మాటకు కోపం ఒక్కటే ఉంది. దాన్ని దాచుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

మా పేట బందరుకు దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉంది. ఇళ్లకూ అలలకూ నడుమ పొడవైన ఇసుకదిబ్బ. చేపలు ఎండేది దాని మీదే. పడవ మగవాడిది, దిబ్బ ఆడదానిది అన్నది మా పేటలో ఎవరూ రాయని, ఎవరూ మీరని కట్టడి. తండ్రి పడవ కొడుక్కు వెళ్తుంది. అత్త దిబ్బ కోడలికి వస్తుంది. మా అక్కకు తన అత్తగారి వల్ల సంక్రమించిన భాగం దిబ్బకు నట్టనడుమ, సముద్రపు గాలి తిన్నగా తగిలే చోట ఉంది. మా బావ వేటకు వెళ్లి తిరిగి రాని ఏడాది నుంచి ఆ ఇసుకే ఆమెకు ఆధారం. నన్ను ప్రాచ్యకళాశాలలో చేర్పించి, వ్యాకరణం చదివించి, తెలుగు పండితుణ్ణి చేసింది కూడా ఆ ఇసుకే. నేను పదవీ విరమణ చేసి గుడివాడలో స్థిరపడ్డాను. ఆమె ఎనభయ్యో పడిలో కూడా దిబ్బమీదే ఉంది.

ఎండబెట్టడమంటే పారబోసి రావడం కాదు. పాత వలలు పరిచి వాటిమీద నెత్తళ్లనే చిన్నచేపలు ఆరబోస్తారు. చుట్టూ నడుమెత్తు రాటలు పాతి, పైన మరొక వల బిగించి కడతారు. చేపల పొట్టలు చీల్చే పని దిబ్బమీద జరగదు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, నీరు పాటు పట్టి సముద్రంలోకి లాగే వేళ, ఆ నీళ్లలోనే కానిస్తారు. దిబ్బమీద ఒక్క పేగు పడినా పక్క భాగం ఆవిడ తిట్టిపోస్తుంది. గద్ద ఒకసారి రుచి మరిగిందంటే ఎవరి చేప అని చూడదు గదా. నా చిన్నతనంలో సగం ఆ వల అంచున వెదురుకర్ర పట్టుకొని కాకులను తోలడంలోనే గడిచింది. పాఠశాలలో చెప్పిన శబ్దాలు అక్కడే వల్లించేవాణ్ణి. ఏకవచనం దగ్గర ఒక కాకి వచ్చేది, ద్వివచనం దగ్గర దాని జతగాడు వచ్చేవాడు, బహువచనం పలికేలోగా మందంతా దిగేది. అక్క అటు నుంచి కేకవేసేది: "ఒరే పంతులూ, ముందు వాటిని తోలు, తర్వాత నీ మంత్రాలు."

ఇటువంటి దిబ్బను పక్షుల నెలవని రాశారు. నేను రాయవలసి వచ్చిన కారణం ఇదే.

కొన్నేళ్లుగా బందరు పరిసరాలలో ఒక చిన్న విమానాశ్రయం కడతారన్న మాట వినబడుతున్నది. మా పేట వెనుక చిత్తడిగా ఉండే చవిటి పర్రను అందుకు చూశారు. నేను విమానాశ్రయానికి వ్యతిరేకిని కాను. ఉప్పెన వచ్చిన ఏడు ఆకాశం నుంచి జారవిడిచిన ఆహారపు పొట్లాల కోసం చేతులు చాచిన వారిలో నేనూ ఒకణ్ణి. రోడ్లు తెగిపోయినప్పుడు ఆకాశమార్గం విలువ మాకు ఒకరు చెప్పనక్కరలేదు. పైకి లేచే విమానపు యంత్రంలోకి ఒక గద్ద వెళ్తే ఏమవుతుందో తెలుసుకున్నాను. విమానాశ్రయాల చుట్టూ జంతువులను కోయరాదని, పక్షులను పిలిచే వ్యర్థాలు పారవేయరాదని ఉన్న నియమాన్ని కూడా చదివించుకొని విన్నాను. మంచి నియమం. విమానంలో కూర్చున్నవారి ప్రాణాలూ మా వాళ్ల ప్రాణాల వంటివే. నా పేచీ నియమంతో లేదు; దాన్ని మా మీద ప్రయోగించిన తీరుతో ఉంది.

పోయిన ఏడు, శోభకృత్తు మాఘంలో, అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, విమానాలోళ్లు ఎల్లుండి వస్తన్నారంట. మన దిబ్బ చూస్తారంట. వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడితే మాకెవరు చెప్తారు? నువ్వు రా."

"నేను చదివింది సంస్కృతం అక్కా, ఇంగ్లీషు కాదు."

"ఏదోకటిలే. మాకు అర్థం కానివే గదా రెండూ."

ఇక్కడ మా పేట మర్యాద ఒకటి చెప్పాలి. ఎండుచేప అమ్ముకొనేవారి ఇంట పచ్చిచేప తాజాగా ఉండదని పైఊళ్ల వారు అనుకుంటారేమోనన్నది మా వాళ్లకు తరతరాలుగా ఉన్న భయం. అందువల్ల గౌరవనీయుడైన అతిథి వస్తే చేపను వంటపాకలో కోయరు. ఆయనను మంచంమీద కూర్చోబెట్టి, కళ్లెదుట మొప్ప ఎత్తి ఎరుపు చూపించి, అక్కడే కోసి, అక్కడే కడిగి, ఆ తరువాతనే పొయ్యి మీదికి పంపుతారు. వియ్యాలవారికైనా ఇదే పద్ధతి, ఓట్లడగ వచ్చినవారికైనా ఇదే పద్ధతి.

వాళ్లు వస్తామన్న నాటి ఉదయం గుడివాడలో బస్సెక్కాను. పెడన దగ్గర కాలువగట్టు పొడుగునా అద్దకపు బట్టలు ఆరుతున్నవి. బందరులో దిగి ఆటో మాట్లాడుకొని పేటకు వెళ్తుంటే దూరం నుంచే ఆకాశం వింతగా కనిపించింది. దిబ్బమీద గద్దలు వలయాలు వలయాలుగా తిరుగుతున్నవి. వాటి కింద కాకులు. పర్రలో ఉండవలసిన కొంగలు కూడా ఇసుకమీద బారులు తీరి నిలుచున్నవి. పుట్టి బుద్ధెరిగిన తరువాత మా దిబ్బమీద అన్ని పక్షులను నేను చూడలేదు.

దగ్గరికి వెళ్లాక సంగతి తెలిసింది. దిబ్బ ఉండాలా వద్దా అని చూసేందుకు వస్తున్నవారిని దిబ్బమీదే గౌరవించాలని ఆడవాళ్లందరూ కూడబలుక్కున్నారు. ఇంటికొక పండుగప్ప తెచ్చారు. ఎండుచేపల వలలు ఒక పక్కకు జరిపి, నట్టనడుమ తాటాకు చాపలు పరిచి, కత్తిపీటలు వేసి కూర్చున్నారు. పొలుసులు ఎండకు మెరుస్తున్నవి. పేగులు తట్టల్లో గుట్టలుగా ఉన్నవి.

పక్షుల లెక్కకు వచ్చిన అధికారిణికి నలభై ఏళ్లు ఉండవచ్చు. తలకు టోపీ, మెడలో బైనాక్యులర్, వెంట ఇద్దరు సహాయకులు. భూసేకరణ చూసే అధికారి ఒకాయన బందరు నుంచి తోడు వచ్చాడు. అక్క ఒక పెద్ద చేపను రెండు చేతులా ఎత్తి ఆమె ముందు నిలబడింది.

"చూడండి మేడంగారూ, ఈ మొప్ప చూడండి. మందారపువ్వే."

"నేను పక్షుల కోసం వచ్చానమ్మా."

"పక్షులు యాడికి పోతయ్యండీ? ముందు భోంచెయ్యండి."

ఆమె ఆకాశం వైపు చూసింది, చేప వైపు చూసింది, చివరికి మంచంమీద కూర్చుంది. వడ్డన జరుగుతూ ఉండగా ఒక గద్ద బాణంలా దిగి ఆమె పళ్లెంలో ముక్కను ఎత్తుకుపోయింది. అందరం పగలబడి నవ్వాము. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కుడిచెయ్యి కడుక్కొని ఏదో రాసుకున్నది. కూర బాగుందని అక్కతో రెండుసార్లు అన్నది. ఆ మాట మా పేట ఆడవాళ్లు నెలంతా చెప్పుకొన్నారు. మా పని అయిపోయిందని, దిబ్బ నిలిచిందని అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

క్రోధి వైశాఖంలో, వేట నిషేధపు రోజుల్లో, బందరులో ఒక కార్యాలయపు హాలుకు మమ్మల్ని పిలిచారు. పేట ఆడవాళ్లందరూ రెండు ట్రాక్టర్లలో వచ్చారు. భూసేకరణ అధికారి లేచి సారాంశం చెప్పాడు. ప్రతిపాదిత రన్‌వే సమీపంలో పక్షుల సంచారం అత్యధికంగా ఉంది. అందుకు ముఖ్య కారణం ఎండుచేపల దిబ్బ. కనుక దిబ్బను లోపలికి, రొయ్యల చెరువుల వెనుక పల్లానికి తరలించాలి.

ఆ పల్లంలో గాలి ఆడదు. గాలి ఆడని చోట చేప ఎండదు, పురుగు పడుతుంది. తరలించడమంటే దిబ్బ లేకుండా చేయడమే. అక్క లేచి నిలబడింది. నడుము వంగింది గాని గొంతు వంగలేదు.

"అయ్యా, ఆ గద్దలు మా దిబ్బకు రాలేదు. మీరు తిన్న కూరకు వచ్చినయ్."

హాలులో నవ్వులు లేచినవి. అధికారి నవ్వలేదు. "అయితే తప్పు మాదేనా పెద్దమ్మా?"

"తప్పు మాదే. మర్యాద చేశాం. ఇంకోసారి చెయ్యం."

తరువాత నేను లేచాను. నా పంచె, నా ఉత్తరీయం చూసి ఆయన ముందే అందుకున్నాడు. "మాస్టారూ, మీరు పెద్దలు, పద్యాలు తెలిసినవారు. ఇది ఏవియేషన్ అండీ. సేఫ్టీ విషయం."

"సేఫ్టీ కనుకనే అడుగుతున్నానండీ," అన్నాను. "మీ నియమం చేప కోసే చోటును గురించి చెప్పింది, పేగులు పారేసే చోటును గురించి చెప్పింది. మా వాళ్లు దిబ్బమీద కోయరు. మీరు వచ్చిన రోజున, మీ కోసం కోశారు. పెళ్లినాడు ఒక ఇంటికి వెళ్లి, ఈ ఇంట రోజూ ఊరంతా భోంచేస్తుందని రాసుకొని వస్తే అది లెక్క అవుతుందా?"

"రిపోర్టు రిపోర్టే కదా మాస్టారూ."

"బైపాసు పక్కన కోళ్ల వ్యర్థాలు గుట్టలు పోసి ఉన్నవి. గద్దలు రోజూ తిరిగేది అక్కడ. అది రిపోర్టులో ఉందా?"

ఆయన కాగితాలు తిప్పాడు. ఎవరు పోశారో తెలియని గుట్ట కనుక ఎవరినీ పిలవలేదన్న సంగతి అందరికీ అర్థమయింది. దిబ్బకు మనుషులు ఉన్నారు. పిలిస్తే వస్తారు, పొమ్మంటే పోతారని అనుకున్నారు. నాకు ఒళ్లు మండింది. అలంకారశాస్త్రం చదివినవాడిని, కోపానికి కూడా ఒక మర్యాద ఉంటుందని పిల్లలకు నలభై ఏళ్లు బోధించినవాడిని. ఆనాడు ఆ మర్యాద నాకు గుర్తు రాలేదు. "మీరు లెక్కించింది మా ఆతిథ్యాన్ని. మా దిబ్బను ఇంకా ఎవరూ లెక్కించలేదు. లెక్కించేదాకా మేము కదలం," అన్నాను.

ఆయన పక్కన కూర్చున్న పక్షుల లెక్క అధికారిణి మాట్లాడింది. "నేను చూసింది రాశాను మాస్టారూ. దాన్ని కొట్టెయ్యమంటే కొట్టెయ్యను. రేపు ఒక విమానానికి ఏదైనా అయితే ఆ లెక్కే నన్ను నిలదీస్తుంది."

"కొట్టెయ్యమని అడగడం లేదమ్మా. మళ్లీ రమ్మంటున్నాను. ఈసారి చెప్పకుండా రండి."

"చెప్పకుండా వచ్చినప్పుడు కూడా అన్నే ఉంటే?"

"ఉంటే మా వలలు మేమే చుట్టుకొని వెళ్తాం."

ఒక్క రోజు లెక్కతో తేల్చడం తనకూ సమ్మతం కాదని, మరొకసారి చూడటానికి అనుమతి అడుగుతానని ఆమె భూసేకరణ అధికారితో అన్నది. ఆయన ముఖం చిట్లించాడు గాని కాదనలేదు.

తిరుగు ప్రయాణంలో ట్రాక్టరు మీద అక్క నా భుజం పొడిచింది.

"ఏందిరా, నా దిబ్బను పందెం కట్టావు? నీ పెన్షన్ కట్టొచ్చుగదా."

"నా పెన్షన్ వాళ్లకు అక్కర్లేదక్కా."

"నా దిబ్బ నీకు అక్కర్లేదా మరి?" అని ముఖం తిప్పుకొన్నది. పేటలో దిగిన తరువాత ఆడవాళ్లందరినీ చుట్టూ నిలబెట్టి ఒక్కటే మాట చెప్పింది. "వినండి. ఇది తేలేదాకా ఈ దిబ్బమీద ఎవరొచ్చినా మంచినీళ్లే. కలెక్టరొచ్చినా, కొత్తల్లుడొచ్చినా అంతే. చేప తెగిందా, తెగ్గోసినదాని వల నేనే పీకి అలల్లో పారేస్తా."

ఒక కోడలుపిల్ల నవ్వుతూ అడిగింది: "నీ తమ్ముడొస్తేనో అత్తా?"

"వాడికి నీళ్లు కూడా లేవు."

ఆ వేసవి తరువాత వేట మొదలైంది, వానలు వచ్చినవి, పోయినవి. పేటలో రెండు పెళ్లిళ్లు జరిగినవి. వియ్యాలవారికి మొప్ప చూపించకుండా లోపలే వండి పెట్టారని ఒక పెళ్లిలో అలకలు కూడా వచ్చినవి. మగపెళ్లివారి పెద్ద ఒకాయన "ఏనాటి చేపో" అన్నాడట. ఆ మాట మింగి ఊరుకోవడం మా వాళ్లకు ఎంత కష్టమో ఆ పేటలో పుట్టినవారికే తెలుసు. అయినా కట్టడి తప్పలేదు.

కార్తీకంలో సముద్రస్నానాల కోసం నేను అక్క ఇంట దిగాను. నాకు నీళ్లు ఇచ్చింది, అన్నం కూడా పెట్టింది. కూర మాత్రం వంకాయ. ఒక ఉదయం స్నానం చేసి తడిబట్టలతో గట్టెక్కుతున్నాను. పర్ర మీదుగా జీపు వస్తున్నది. ఎవరికీ కబురు లేదు. దిబ్బమీద నెత్తళ్లు ఆరబోసి, వలలు బిగించి ఉన్నవి. ఆడవాళ్లు మొగ దగ్గర నీళ్లలో ఉన్నారు. అధికారిణి దిగి, ఎవరినీ పలకరించకుండా, బైనాక్యులర్ ఎత్తింది. సహాయకులిద్దరూ దిబ్బకు చెరొక కొసన నిలుచున్నారు.

పందెం కట్టింది నేను, పోయేది అక్కది. తల ఎత్తి చూడటానికి భయం వేసింది. చూశాను. నీలంగా, ఖాళీగా ఉంది ఆకాశం. కాకులు కొన్ని రాటల మీద వాలి, వలను ముక్కుతో పొడిచి, విసుగుపుట్టి లేచిపోయినవి. ఒక గద్ద ఎత్తున ఒక చుట్టు తిరిగి బైపాసు వైపు సాగిపోయింది. అధికారిణి దాని వెంటే బైనాక్యులర్ తిప్పింది, చాలాసేపు అటే చూసింది.

ఎండ ముదిరింది. వాళ్లు కదలలేదు. సహాయకులు సంచిలో నుంచి బిస్కెట్లు తీసుకొని నిలబడే తిన్నారు. అక్క మొగ దగ్గర నుంచి వచ్చి గుమ్మంలో నిలుచున్నది. తెల్లవారుజామున పడవలో వచ్చిన పండుగప్ప ఒకటి ఆమె బుట్టలో తడిగోనె కింద ఉంది. ఆమె లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఇంటి ముందుకు ఆకలితో వచ్చినవారిని చూసి చేతులు కట్టుకొని ఉండటం ఆమె జీవితంలో అదే మొదలు. చివరికి బిందె నీళ్లు, గ్లాసులు పట్టుకొని దిబ్బమీదికి నడిచింది.

"ఈసారి కూర లేదా పెద్దమ్మా?" అని అడిగింది అధికారిణి, చిరునవ్వుతో.

"లేదమ్మా."

"చేప దొరకలేదా?"

"దొరికింది. పెట్టను." అక్క గొంతు గట్టిగానే ఉంది. "పోయినసారి పెట్టి చెడిపోయాం. నువ్వు లెక్క తేల్చుకొని రా. అప్పుడు మొప్ప చూపించి కోస్తా. ఇవాళ నీళ్లు తాగు."

అధికారిణి ఆ నీళ్లు తాగింది. గ్లాసు తిరిగి ఇస్తూ అక్క చేతిని ఒక క్షణం పట్టుకొన్నది. లెక్క ఎటు తేలిందో చెప్పకూడని ఉద్యోగం ఆమెది. జీపు వెళ్లిపోయింది. అక్క ఆ దుమ్ము వైపు చూస్తూ నిలబడి, "ఆకలితో పంపాను తమ్ముడూ," అన్నది. తొలిసారిగా ఆమె కళ్లలో నీళ్లు చూశాను. అవి భయం వల్ల వచ్చినవి కావు. దిబ్బను కాపాడుకోవడానికి ఆమె తన చేతులను తానే కట్టేసుకోవలసి వచ్చింది. ఎవరు ఎన్ని కాగితాలు పంపినా ఆ అవమానానికి సరిపడే మాట వాటిలో ఉండదు.

ఇంతవరకే జరిగింది. నిర్ణయం ఎటు వచ్చినా నేను రాసినది మార్చను. మా దిబ్బ ఆకాశానికి శత్రువు కాదు. ఆ ఆకాశాన్ని శుభ్రంగా ఉంచుతూ వచ్చినవారు మా ఆడవాళ్లు, తమ చేపల కోసమే కావచ్చు, వెదురుకర్రలతోనే కావచ్చు. వారిని తొలగించి ఆకాశాన్ని కాపాడతామంటే మేము ఒప్పుకోము. తరలించమని వస్తే, ఆ పల్లానికి మొదట నన్ను మోసుకుపోవలసి ఉంటుంది. నేను బరువైనవాణ్ణి.

క్రోధి, మాఘ శుద్ధ సప్తమి, మంగళవారం. దిబ్బను తరలించనక్కరలేదని, పైవల ఎన్నడూ తీయరాదని, దిబ్బమీద చేప కోయరాదని బందరు నుంచి కబురు వచ్చింది. బైపాసు పక్క వ్యర్థాలను ఎత్తివేయాలని కూడా అన్నారు, ఇంకా ఎత్తలేదు. రన్‌వే పని మొదలు కాలేదు. ఈ మధ్యాహ్నం అధికారిణి భోజనానికి వచ్చింది. అక్క ఆమెను వంటపాకలోకి తీసుకువెళ్లి, తలుపు వేసి, మొప్ప చూపించి, పండుగప్పను అక్కడే కోసింది.